తాడు విప్పిన తరువాత మొదలయ్యే నొప్పి

గత సంచికలో లేగదూడల సంరక్షణ గురించి రాస్తూ, కొమ్ము మొగ్గలు కాల్చే ముందు తిమ్మిరి సూది తప్పనిసరి అని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోయాను. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకొని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు చాలామంది ఉత్తరాలు రాశారు. కొందరు వివరం అడిగారు, కొందరు వాదించారు, ఒకరు కొంచెం కోప్పడ్డారు కూడా. కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం, ముక్కు కుట్టడం వంటివి జబ్బుకు చేసే వైద్యం కావు; ఆరోగ్యంగా ఉన్న పశువుకు మన అవసరం కొద్దీ చేసే పనులు. అందుచేత ఈ నెల శీర్షికను పూర్తిగా వీటికే కేటాయించాను. ఉత్తరాలను కుదించి, రాసినవారి పేర్లు తీసివేసి, ప్రాంతాల పేర్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మాకు రెండు జెర్సీ సంకర ఆవులు ఉన్నాయి. నిరుడు పెద్ద ఆవు దూడకు కొమ్ములు కాల్చినప్పుడు నలుగురు పట్టుకున్నా అది ఆగలేదు. దాని అరుపు విని తల్లి పలుపు తెంపుకొని వచ్చింది, ఆ పూట పాలు సరిగా చేపలేదు. ఇప్పుడు చిన్న ఆవుకు పెయ్య పుట్టి పన్నెండు రోజులైంది. కాల్చకుండా వదిలేయవచ్చా? తప్పదంటే నొప్పి లేకుండా చేసే దారి ఉందా?
(ఒక గృహిణి, గజపతినగరం ప్రాంతం)

జవాబు: వదిలేయవచ్చునమ్మా. మీ ఇంట ఉన్నవి రెండే పశువులు, రెండూ వేరువేరు గుంజలకు కట్టి ఉంటాయి కాబట్టి కొమ్ములు ఉన్నా పెద్ద చిక్కు లేదు. పదీ ఇరవై ఆవులను ఒకే షెడ్డులో విప్పి వదిలే చోట ఒకదాని కొమ్ము ఇంకొకదాని పొదుగును చీరుతుంది, పాలు పితికేవారి కంటికీ ప్రమాదమే. అక్కడ కొమ్ములు తీయించడానికి కారణం ఉంది. పక్కింటివారు చేయించారు కదా అని చేయించవలసిన పని మాత్రం ఇది కాదు.

తీయించాలనే అనుకుంటే మీకు ఉన్న గడువు చిన్నది. పుట్టిన కొత్తలో కొమ్ము మొగ్గ చర్మానికి మాత్రమే అంటుకొని ఉండి, వేలితో నొక్కితే అటూ ఇటూ కదులుతుంది. సుమారు రెండు నెలలు నిండేసరికి అది పుర్రె ఎముకకు అతుక్కుపోతుంది. ఆరేడు నెలలు దాటాక నుదుటి ఎముకలో ఉండే గాలి గది కొమ్ము లోపలికి పాకుతుంది కాబట్టి, అప్పుడు కొమ్ము కోస్తే ఆ గదికే కన్నం పడి, చీము పట్టి నెలల తరబడి బాధ పెట్టే అవకాశం ఉంటుంది. రెండు మూడు వారాల వయసులో, మొగ్గ శెనగగింజంత ఉన్నప్పుడు పని ముగిస్తే గాయం చిన్నది. మీ పెయ్యకు ఇంకా వారం రోజుల వ్యవధి ఉంది.

ఇక నొప్పి సంగతి. కొమ్ముకు స్పర్శ తెలిపే ముఖ్యమైన నరం కంటి బయటి కొసకూ కొమ్ము మొదలుకూ మధ్యన, కణతి దగ్గరి ఎముక అంచు కింద నుంచి వెళుతుంది. ఆ అంచుకు మధ్య భాగంలో ఒక్కో వైపు 3 నుంచి 5 మిల్లీలీటర్ల 2 శాతం లిగ్నోకేయిన్ అనే తిమ్మిరి మందు వేస్తే కొమ్ము చుట్టూ తిమ్మిరెక్కుతుంది. ఇది పశువైద్యుడు చేయవలసిన పని. సూది ఎక్కడ పడుతోందో మీకు తెలియాలని మాత్రమే చెబుతున్నాను. ఆ తరువాత కనీసం పది నిమిషాలు ఆగాలి. ఆగి, మొగ్గ చుట్టూ సూది మొనతో నాలుగైదు చోట్ల గుచ్చి చూడాలి. దూడ తల విదిలిస్తే తిమ్మిరి ఇంకా ఎక్కలేదని అర్థం. పై రెప్ప కొంచెం వాలితే మందు చేరవలసిన చోటికి చేరిందనడానికి అదొక గుర్తు. అప్పుడు ఎర్రగా కాలిన పరికరాన్ని మొగ్గ మీద పది పదిహేను సెకన్లు తిప్పితే చుట్టూ రాగి రంగు వలయం పడుతుంది, అంతటితో ఆపేయాలి.

మనవాళ్ళు తప్పు చేసేది ఈ పది నిమిషాల దగ్గరే. సూది తీసిన చెయ్యే కడ్డీని అందుకుంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అదే చేశాను: ఒకే ఉదయం తొమ్మిది దూడలు, వేసిన సూది వేసినట్టే ఉండేది, దూడ అరుపు అరిచినట్టే ఉండేది. మందు పని చేయడం లేదని కంపెనీని తిట్టుకునేవాణ్ణి. చివరికి మా ఆసుపత్రిలోని పాత కాంపౌండరు ఒకాయన, "తొమ్మిదింటికీ వరసగా సూదులు వేసుకుంటూ వెళ్ళండి, మళ్ళీ మొదటిదాని దగ్గరకు వచ్చేసరికి మీరు ఆగినట్టూ ఉండదు, అది అరిచినట్టూ ఉండదు" అన్నారు. ఆ రోజు నుంచి అలాగే చేస్తున్నాను.

లిగ్నోకేయిన్ ప్రభావం గంట, మహా అయితే రెండు గంటలు. కాలిన గాయపు మంట అంతకంటే చాలాసేపు ఉంటుంది. కాల్చిన దూడల రక్తంలో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ అనే హార్మోనును కొలిచి చూసినప్పుడు, తిమ్మిరి సూది మాత్రమే వేసిన వాటిలో ఆ మందు దిగిపోయిన తరువాత అది మళ్ళీ పైకి లేచినట్టు తేలింది. అంటే మనం తాడు విప్పి, చేతులు కడుక్కొని, కాఫీ తాగే వేళకు దూడకు అసలు బాధ మొదలవుతుందన్నమాట. అందుకే కాల్చడానికి ముందే మెలాక్సికామ్ వంటి నొప్పి, వాపు తగ్గించే మందును శరీర బరువులో కిలోకు అర మిల్లీగ్రాము చొప్పున ఇవ్వాలి. పశువులలో ఇది ఒక్క మోతాదుతో సుమారు ఒక రోజు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువసేపు పని చేస్తుంది. మరునాడు కూడా దూడ దిగులుగా ఉంటే రెండో మోతాదు గురించి డాక్టరు గారిని అడగండి. గాయం పూర్తిగా మానడానికి ఆరు నుంచి తొమ్మిది వారాలు పడుతుంది, అంతవరకూ ఆ చోటు ముట్టుకుంటే నొస్తూనే ఉంటుంది కనుక దూడను తల పట్టుకొని లాగవద్దని ఇంట్లో పిల్లలకు చెప్పండి. కాల్చేటప్పుడు దూడను తల్లికి కనబడని, వినబడని చోటికి తీసుకువెళ్ళండి. పని కాగానే తల్లి దగ్గర వదిలి పాలు తాగనివ్వండి.

కొందరు కాస్టిక్ పొటాష్ కడ్డీతో రుద్దుతారు. దానికి నిప్పు అక్కరలేదు కాబట్టి నొప్పి ఉండదని ఒక నమ్మకం. అది కూడా కాల్చడమే, రసాయనంతో నెమ్మదిగా కాల్చడం. వాన పడితే మందు కారి కంట్లోకి పోతుంది, దూడ పాలకు వెళితే తల్లి పొదుగు బొబ్బలెక్కుతుంది. మన వానలకు అది తగిన పద్ధతి కాదని నా అభిప్రాయం.

ప్రశ్న: మీరు నొప్పి, నొప్పి అంటూ రాశారు. మా నాయన కాలం నుంచి సూదులు లేకుండానే అన్నీ చేయించాం. కొమ్ములు కాల్చిన పావుగంటకు దూడ పాలు తాగుతుంది, విత్తులు కొట్టిన కోడె సాయంత్రానికి గడ్డి మేస్తుంది. అంత నొప్పే ఉంటే మేస్తుందా?
(ఒక రైతు, రాజాం)

జవాబు: మేస్తుంది. మందలో కుంటుతూ, మూలుగుతూ కనబడే పశువునే పులైనా తోడేలైనా ముందు పడుతుంది కాబట్టి, గడ్డి తిని బతికే జంతువులు నొప్పిని దాచుకునే స్వభావంతోనే పుడతాయి. మన పెరట్లో పులి లేదని వాటి ఒంటికి తెలియదు. కుక్క కాలు తొక్కితే వీధి అంతా వినబడుతుంది. ఎద్దు విరిగిన గిట్టతో మైలు నడుస్తుంది. అరవలేదు కాబట్టి నొప్పి లేదనుకోవడం వల్ల మనం చాలా చోట్ల మోసపోతున్నాం.

మేస్తోందా లేదా అని చూడవద్దు, మేసిన తరువాత ఏం చేస్తోందో చూడండి. బాధ లేని పశువు కడుపు నిండగానే పడుకొని, కళ్ళు అరమూసి నెమరు వేస్తుంది. బాధ ఉన్నది నెమరు వేయడం తగ్గిస్తుంది, ఊరికే పళ్ళు కొరుకుతుంది, చెవులు వెనక్కి వాల్చుతుంది, కంటి చుట్టూ కండరం బిగుసుకుంటుంది. కొమ్ములు కాల్చిన దూడ తల విదిలించడం, చెవులు టపటపలాడించడం, వెనక కాలితో తల గోక్కోవడం ఎన్నిసార్లు చేస్తోందో ఒక అరగంట లెక్కపెట్టండి. విత్తులు కొట్టిన కోడె వెనక కాళ్ళు ఎడంగా పెట్టి బిర్రుగా నడుస్తుంది, పడుకుంటుంది, లేస్తుంది, మళ్ళీ పడుకుంటుంది, తోక ఊపుతూ పొట్ట వైపు తిరిగి చూస్తుంది. మీ నాయనగారు ఇవన్నీ చూసే ఉంటారు. ఆ రోజుల్లో చేయగలిగింది లేక ఊరుకున్నారు.

ప్రశ్న: మా కోడెకు రెండేళ్ళు నిండుతున్నాయి. మా దగ్గర ఒకతను కర్రల మధ్య బిగించి విత్తులు చితగ్గొడతాడు. పశువుల ఆసుపత్రిలో పట్టకారుతో నొక్కుతారు. ఏది తక్కువ నొప్పి? ఇంకొక సందేహం: మా బావగారి కోడెకు ఆసుపత్రిలో మత్తు సూది వేస్తే అది పడుకుంది కానీ, నొక్కగానే కాలు బలంగా విదిలించింది. మత్తు ఎక్కలేదంటారా?
(ఒక రైతు, లావేరు మండలం)

జవాబు: రెండో సందేహమే ముఖ్యమైనది, దానితో మొదలుపెడతాను. మత్తు వేరు, తిమ్మిరి వేరు. పశువును పడుకోబెట్టడానికి సాధారణంగా వాడే జైలజీన్ అనే మందు దానికి నిద్రమత్తు తెస్తుంది, కండరాలను సడలిస్తుంది, నొప్పిని కొంత మేరకు తగ్గిస్తుంది. విత్తులకు రక్తం తీసుకువెళ్ళే విత్తుతాడును నలిపేటంతటి నొప్పికి ఆ కొంత చాలదు. పశువు కదలలేదు కాబట్టి మనకు పని సులువవుతుంది. దానికి సులువైందో లేదో వేరే సంగతి. మీ బావగారి కోడెకు మత్తు బాగానే ఎక్కి ఉంటుంది. విత్తుతాట్లోనూ, విత్తుల తిత్తి మెడ చర్మం కిందా లిగ్నోకేయిన్ వేసి పది నిమిషాలు ఆగే పని జరిగి ఉండదు. ఈసారి మీరు వెళ్ళినప్పుడు, "డాక్టరు గారూ, మత్తుతో పాటు తిమ్మిరి మందు కూడా వేయండి" అని అడగండి. అడగడంలో తప్పు లేదు. పని ఒత్తిడిలో మరిచిన డాక్టరు కూడా అడిగితే వేస్తారు.

జైలజీన్ గురించి ఇంకొక మాట. ఆవు జాతికి ఇది చాలా కొద్ది మోతాదులోనే పని చేస్తుంది, గుర్రానికి ఇచ్చేదానిలో పదో వంతు చాలు. మత్తులో ఉన్న పశువుకు కడుపు ఉబ్బుతుంది, నెమరు మేత వెనక్కి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది. అందుకే పెద్ద పశువుకు ముందు రోజు నుంచి మేత ఆపమని చెబుతారు. ఆ మాటను తేలికగా తీసుకొని తెల్లవారుజామున రహస్యంగా గడ్డి వేసేవారిని నేను చాలామందిని చూశాను. ఆకలితో ఉంటుందని జాలి. ఆ జాలి పశువుకు మేలు చేయదు.

ఇక పద్ధతుల సంగతి. కర్రలతో, బండలతో చితగ్గొట్టడం మానేయవలసిన పని. అందులో విత్తు కణజాలం మొత్తం నలిగి, వాపు రోజుల తరబడి ఉంటుంది, సగం నలిగినది మళ్ళీ పోతుగానే మిగులుతుంది. ఆసుపత్రిలోని పట్టకారును బర్డిజో అంటారు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దీన్ని రూపొందించిన ఇటలీ దేశస్థుడి పేరు అది. చర్మం తెగకుండా లోపలి విత్తుతాడునూ రక్తనాళాలనూ నలపడం దీని పని. రక్తం అందక విత్తులు నాలుగు నుంచి ఆరు వారాల్లో ఎండి చిన్నవవుతాయి. ఒక్కో తాడును విడివిడిగా, తిత్తి ఒక పక్కకు జరిపి నొక్కాలి. రెండు నొక్కులూ ఒకే వరసలో కలిస్తే తిత్తికే రక్తం ఆగి కుళ్ళిపోతుంది. పరికరం దవడలు అరిగి ఉంటే నొప్పి రెట్టింపు, ఫలితం సగం. పాతకాలపు పరీక్ష ఒకటి ఉంది: మడిచిన కాగితం మధ్య దారం పెట్టి నొక్కితే దారం తెగాలి, కాగితం తెగకూడదు. 

చర్మం తెగలేదు కాబట్టి నొప్పి లేదనుకోవద్దు. తాడు నలిగిన నొప్పి గంటల తరబడి ఉంటుంది, వాపు నాలుగైదు రోజులు కనబడుతుంది. కాబట్టి ఇక్కడ కూడా ముందుగా మెలాక్సికామ్ పడాలి. దున్నడానికి, బండికి రెండు మూడు వారాలు కట్టవద్దు. ఆరు వారాల వరకూ ఆవుల మందలో వదలవద్దు, అప్పటిదాకా చూలు నిలిపే శక్తి మిగిలి ఉండవచ్చు.

వయసు గురించి మీరు అడగలేదు కానీ చెప్పక తప్పదు. మూపురం, మెడ కండ బలిసేది మగ హార్మోను వల్ల కాబట్టి, కాడి పశువులను మన వైపు రెండేళ్ళ దాకా ఆపుతారు. ఆ లెక్కలో నిజం ఉంది. ఆలస్యమైన కొద్దీ తాడు లావై, నొప్పీ వాపూ పెరుగుతాయన్నది కూడా అంతే నిజం. దుక్కికి వాడే ఉద్దేశం లేని దూడకు రెండేళ్ళ దాకా ఆగడంలో అర్థం లేదు. మీ కోడెకు సంక్రాంతి వెళ్ళాక చేయించండి: కోతలు అయిపోయి పనులు ఉండవు, ఈగలు తక్కువ, గాలి పొడిగా ఉంటుంది.

ప్రశ్న: మా మేకపోతుపిల్లలకు విత్తులు కొట్టే బదులు తిత్తికి రబ్బరు రింగులు వేద్దామని ఆన్‌లైన్‌లో తెప్పించాను. పిల్లలకు మూడు నెలలు. రక్తం రాదు కాబట్టి నొప్పి ఉండదని అమ్మేవారు చెప్పారు. నిజమేనా? వాటి కొమ్ములు కూడా కాల్చించవచ్చా?
(ఒక మేకల పెంపకందారు, పాతపట్నం)

జవాబు: మీ చూపుడు వేలికి ఒక రబ్బరు బ్యాండు నాలుగు మెలికలు వేసి పావుగంట ఉంచుకొని, ఆ తరువాత నాకు మళ్ళీ ఉత్తరం రాయండి.

రింగు అంటే రక్తం ఆపి ఆ భాగాన్ని చంపడం. మొదటి కొన్ని గంటలు తీవ్రమైన నొప్పి, ఆ తరువాత అది ఊడిపోయే వరకూ వారాల తరబడి పుండు సలుపు. వాడితే పుట్టిన మొదటి వారంలోనే వాడాలి, మూడు నెలల పిల్లలకు అసలు వాడకూడదు. పైగా గాలి అందని చచ్చిన కండలో ధనుర్వాతపు క్రిములు బాగా పెరుగుతాయి. వాటి బీజాలు మట్టిలోనూ పేడలోనూ ఎప్పుడూ ఉంటాయి. ధనుర్వాతం వచ్చిన మేకపిల్ల కొయ్యబారి చనిపోవడం ఒక్కసారి చూసినవారు మళ్ళీ రింగు ముట్టుకోరు.

మూడు నెలల పిల్లలకు చిన్న సైజు బర్డిజోతో, తిమ్మిరి మందు వేసి చేయించండి. మేకలకు లిగ్నోకేయిన్ మోతాదు విషయంలో మాత్రం చాలా జాగ్రత్త అవసరం. పది కిలోల పిల్లకు 2 శాతం మందు మొత్తం మీద రెండున్నర మిల్లీలీటర్లు దాటితే ప్రమాదం మొదలవుతుంది, వణుకు, మూర్ఛ రావచ్చు. అందుకే డాక్టర్లు దానికి సమానంగా శుభ్రమైన నీటి ఇంజెక్షన్ కలిపి పలచన చేసి వాడతారు. దూడకు వేసినంత మేకపిల్లకు వేసి చంపిన సంఘటనలు నాకు తెలుసు. మేకపిల్లల కొమ్ములు కాల్చడం గురించి కూడా అడిగారు. పుర్రె పలచన కాబట్టి వేడి మెదడుకు తగులుతుంది, పైగా మేక కొమ్ముకు రెండు నరాలు ఉంటాయి, రెండింటికీ మందు పడాలి. మేతకు తిరిగే మేకలకు ఆ పని పెట్టుకోకండి.

అన్నిటికంటే ముందు, విత్తులు కొట్టడం అవసరమా అని ఆలోచించండి. ఐదారు నెలల్లోపు అమ్మేసే పోతుపిల్లలకు అక్కరలేదు. నాలుగో నెల నుంచి వాటిని ఆడపిల్లల నుంచి వేరుచేసి కడితే సరిపోతుంది.

ప్రశ్న: చెవికి పోగు వేసినప్పుడు మా గేదె రెండు రోజులు చెవి దులుపుకుంది. దీనికి కూడా సూది అవసరమా?
(నరసన్నపేట)

జవాబు: అవసరం లేదు. 12 అంకెల గుర్తింపు పోగు వేసేది క్షణంలో అయిపోయే గుచ్చు. చెవి మధ్యలో, మృదులాస్థి గట్టి చారల నడుమ, రక్తనాళం తప్పించి వేశారా అన్నదే చూడవలసింది. నాలుగో రోజుకు కూడా వేడిగా, వాచి ఉంటే లేదా ఈగలు ముసిరితే చూపించండి. వేపనూనె రాయవచ్చు, పేడ, బూడిద పెట్టవద్దు.

ప్రశ్న: మా ఊళ్ళో డాక్టరు దొరకనప్పుడు మందుల షాపులో డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కొని పశువుకు వేస్తుంటారు. మనుషులకు పనికొచ్చేది పశువుకు పనికిరాదా? మెలాక్సికామే ఎందుకు అంటున్నారు?
(ఒక యువరైతు, సోంపేట)

జవాబు: పశువుకు నొప్పి తగ్గుతుంది. చిక్కు పశువుతో కాదు, అది చనిపోయిన తరువాత దాన్ని తినే రాబందుతో. డైక్లోఫెనాక్ పడిన పశువు కళేబరాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోయి, లోపలి అవయవాల మీద తెల్లని సున్నంలా యూరిక్ ఆమ్లం పేరుకొని, కొద్ది రోజుల్లోనే చనిపోతుందని 2004లో తేలింది. 1990ల నుంచి మన దేశంలో కొన్ని జాతుల రాబందులు నూటికి తొంభై ఐదుకు పైగా అంతరించాయి. ఊరి చివర పారేసిన కళేబరం చుట్టూ రాబందులు వాలి గంటల్లో శుభ్రం చేసిన దృశ్యం యాభై దాటినవారికి గుర్తుంటుంది. ఇప్పుడు అక్కడ కుక్కలు తిరుగుతున్నాయి. 

2006లో పశువులకు డైక్లోఫెనాక్ తయారీని ప్రభుత్వం నిషేధించింది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు వాడుతుండడంతో 2015లో ఆ ఇంజెక్షన్‌ను 3 మిల్లీలీటర్ల ఒంటి మోతాదుకే పరిమితం చేసింది. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందులను కూడా పశువుల వాడకం నుంచి తొలగించింది. ఎసిక్లోఫెనాక్ ఆవు ఒంట్లోకి వెళ్ళాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. ఆ తరువాత నిమెసులైడ్ వంతు వచ్చింది. మెలాక్సికామ్, టాల్ఫెనమిక్ ఆమ్లం రాబందులకు హాని చేయవని పరీక్షల్లో తేలింది. మెలాక్సికామ్ ఖరీదు కూడా తక్కువే. నలభై కిలోల దూడకు కావలసింది 20 మిల్లీగ్రాములు, అంటే మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల సీసాలో 4 మిల్లీలీటర్లు.

లెక్క తెలిసింది కదా అని మీరే వేయవద్దు. విరేచనాలతో ఒళ్ళు ఎండిన పశువుకు, నీళ్ళు తాగని పశువుకు ఇది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఇంకొక నొప్పి మందుతో కానీ స్టెరాయిడ్‌తో కానీ కలిపితే కడుపులో పుండ్లు పడతాయి. పాడి పశువుకు వేస్తే పాలు ఎన్నాళ్ళు వాడకూడదో సీసా మీద చూడాలి. ఐరోపా దేశాల్లో పాలకు 5 రోజులు, మాంసానికి 15 రోజులు విడుపు పాటిస్తారు. డాక్టరు దొరకని రోజున 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. కొమ్ములు, విత్తులు వంటివి అత్యవసరాలు కావు కాబట్టి, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడితో మాట్లాడి ఊళ్ళో పదిమంది దూడలకు కలిపి ఒక రోజు ఖాయం చేసుకుంటే డాక్టరుకూ తీరిక దొరుకుతుంది. గరివిడి పశువైద్య కళాశాలకు దగ్గరలో ఉన్నవారు అక్కడికి తీసుకువెళ్ళవచ్చు.

ప్రశ్న: ఎద్దుకు కాడి పుండు లేచినా, కాలు కుంటినా మా పెదనాన్న వాతలు పెట్టిస్తారు. తగ్గుతోంది కూడా. వద్దంటే వినరు. నిజంగా పనిచేస్తుందా?
(బొబ్బిలి)

జవాబు: తగ్గుతోందన్న మాట నిజమే. వాత పెట్టిన ఎద్దును ఎవరూ కాడికి కట్టరు, పది పదిహేను రోజులు నీడన నిలబెట్టి కుడితి పెడతారు. తగ్గించింది ఆ విశ్రాంతి. వాత లేకుండా అదే విశ్రాంతి ఇస్తే అంతకంటే ముందే తగ్గేది, ఎందుకంటే ఒక పుండు మానవలసిన చోట ఇప్పుడు నాలుగు మానాలి, వాటిలో ఒకదానికి పురుగు పట్టకుండా చూసుకోవాలి. ఒత్తిడి వల్ల లేచిన కాడి పుండుకు కాడి ఆపడం, పుండును ఉప్పునీళ్ళతో కడగడం, మళ్ళీ కట్టే ముందు కాడి నునుపు చేయించి గుడ్డ చుట్టడం వైద్యం. కుంటుకు మొదట గిట్ట ఎత్తి చూడాలి. మేకు దిగి ఉంటుంది, నాడా మేకు లోతుగా పడి ఉంటుంది, లేదా గిట్టల సందులో రాయి ఉంటుంది. 

మీ పెదనాన్నగారితో వాదించకండి. ఈసారి ఎద్దు కుంటినప్పుడు, "వాత రేపు పెట్టిద్దాం, ఈ రోజుకు కట్టేసి గిట్ట కడిగి చూద్దాం" అనండి. మూడు రోజులు అలా వాయిదా వేయగలిగితే చాలావరకు వాత అవసరమే రాదు.

ప్రశ్న: అలమండ సంతలో ఏడాదిన్నర కోడెను కొన్నాం. ముక్కు కుట్టించాలి. నొప్పి తక్కువగా ఎలా? చట్టం ఒప్పుకుంటుందా?
(ఒక రైతు, జామి)

జవాబు: జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లోని 11వ సెక్షన్ ముకుతాడు వేయడాన్ని, కొమ్ములు తీయడాన్ని, విత్తులు కొట్టడాన్ని నిర్దేశించిన పద్ధతిలో చేస్తే నేరంగా లెక్కించదు. నిర్దేశించిన పద్ధతి అన్న మాటను మరవకూడదు.

రెండు ముక్కు రంధ్రాల మధ్య గోడను బొటనవేలు, చూపుడువేలుతో పట్టుకొని చూడండి. ముందు మూతి కండ మందంగా ఉంటుంది, వెనక మృదులాస్థి గట్టిగా ఉంటుంది, ఆ రెండింటి నడుమ పలచని పొర ఒకటి తగులుతుంది. కుట్టవలసింది అక్కడే. మృదులాస్థిలో పొడిస్తే జీవితాంతం సలుపుతుంది, ముందుకు పొడిస్తే తాడు లాగుడుకు చీలిపోతుంది. గోడకు రెండు వైపులా కొద్దిగా లిగ్నోకేయిన్ వేసి, అదే పది నిమిషాలు ఆగి, మరిగించిన పదునైన పరికరంతో ఒక్క పోటులో కుట్టాలి. కొలిమిలో కాల్చిన ఊచ, సైకిలు పుల్ల వాడవద్దు. ధనుర్వాతపు టీకా వేయించారా అని అడగండి. 

మొదటి తాడు గోగునారది వద్దు. మన వైపు గోగునార ఇంట్లోనే ఉంటుంది కాబట్టి చేతికి అదే వస్తుంది, కానీ దాని గరుకు పచ్చి గాయాన్ని రోజూ కొత్తగా గీకుతుంది. మెత్తని నూలు తాడో, నునుపైన నైలాను తాడో వదులుగా కట్టి, పది రోజుల పాటు దాన్ని పట్టుకొని లాగకుండా, కోడెను మెడ పలుపుతోనే నడిపించండి. దుక్కికి, బండికి కట్టని ఆవులకు, పెయ్యలకు ముకుతాడు అసలు అక్కరలేదు, మూతి చుట్టూ కట్టే తలతాడు సరిపోతుంది. మీ కోడెకు పగ్గం వేసే రోజున ముందు తాడును రెండు వేళ్ళతో కొంచెం కదిపి చూడండి. అది తల వెనక్కి తీసుకుంటే ఇంకో నాలుగు రోజులు ఆగండి.